పికప్ బండిలో నువ్వు పెంచిన సౌండు

బావా,

వందనాలతో మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి చెప్పను. కోపంగా ఉన్నాను. నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది... ఈపాటికి సుగుణ కోపం చల్లారి ఉంటుందని అందరూ అనుకుంటున్నారు. చల్లారలేదు. ఇప్పుడే బాగా రాజుకుంది.

అసలు సంగతి ముందే చెప్తాను. నీ తమ్ముడు ప్రసాదు వచ్చి బండి తాళం అడిగాడు. వేరేవాళ్ళ ట్రాక్టరు తోలడం మానేసి మన పికప్ నడుపుతానన్నాడు. మంచిదే కదా... వాకిట్లో నిలబడి తుప్పు పట్టేకంటే అదే నయం అనుకున్నాను. తాళం తేవడానికి లేచాను కూడా. అంతలో ఇంకో మాట అన్నాడు. వదినా, బండిలో సౌండు చాలదు, తెనాలి తీసుకెళ్ళి ఇంకో బేసు పెట్టె బిగిస్తాను అన్నాడు.

నీ బండిలో సౌండు చాలదట బావా! నువ్వు కర్లపాలెం సెంటరులో పాట పెడితే సోడా బండి మీద సీసాలు గలగలలాడేవి. బళ్ళో మాస్టారు బయటికొచ్చి రెండు చేతులూ జోడించేవాడు. ఆ సౌండు చాలదట వాడికి! నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తాళం తీసి కొంగున ముడేసుకుని, ఇవ్వను పో, అన్నాను.

వాడు తెల్లమొహం వేశాడు. ఎందుకని అడిగాడు. నేను చెప్పలేదు. నీకు మాత్రం తెలుసు ఎందుకో. నీకు చెవులు వినపడేవి కాదు. ఆ సంగతి నా దగ్గర దాచిపెట్టి చచ్చిపోయావు. అది నాకు తెలిసొచ్చాక నీ తమ్ముడూ వచ్చి సౌండు చాలదంటే... వాణ్ణి కూడా తీసుకెళ్ళి ఆ రోడ్డు మీద నిలబెట్టమంటావా?

ఆ రోజు సూర్యలంక దగ్గర హేచరీలో రొయ్య పిల్లల సంచులు ఎక్కించుకుని రేపల్లె బయల్దేరావు. దారిలో పట్టా తాడు వదులైంది. బండి పక్కకి ఆపి, దిగి, రోడ్డు వైపు నిలబడి తాడు బిగిస్తున్నావు. ఎదురుగా బస్సు, వెనక లారీ. తప్పుకోవడానికి నాకు చోటు లేదండి, హారన్ కొడుతూనే ఉన్నానండి, ఆయన కదల్లేదండి... అని ఆ లారీ డ్రైవరు పోలీసుల ముందు ఏడ్చాడట.

ఊళ్ళో వాళ్ళు ఏమనుకున్నారో తెలుసా? పాటలు ఫుల్లుగా పెట్టుకుని ఉంటాడు, ఇంక హారన్ ఎక్కడ వినపడుతుంది అన్నారు. పాటల పిచ్చే పొట్టన పెట్టుకుందన్నారు. నువ్వు పోయాక పెట్టిన ఆదరణ కూడికలో సంఘ పెద్ద జాకబ్ గారు లేచి నిలబడి, లోకసంబంధమైన శబ్దాలు మనిషిని ఎక్కడికి తీసుకుపోతాయో చూడండి ప్రియులారా, అని సాక్ష్యం చెప్పాడు. నా ఇంటి వాకిట్లో, నా షామియానా కింద! ఆ తర్వాత భోజనానికి కూర్చుని రెండుసార్లు పెరుగు వేయించుకున్నాడు.

క్వయర్‌లో డోలక్ నేర్చుకునే పిల్లవాడొకడు లేచి నీ మాట చెప్పాడు. "పాట చెవితో వినేది కాదురా, ఒంటితో వినేది." దానియేలు అన్న ఎప్పుడూ ఇదే అనేవాడండి అని వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆడవాళ్ళందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మా ఆయన ఎంత గొప్ప మాట అన్నాడో అనుకుని కళ్ళు తుడుచుకున్నాను. మోసగాడా... అది గొప్ప మాటా? ఉన్న మాటే కదా!

బాపట్ల ఆసుపత్రిలో నీ బట్టలు మూటకట్టి ఇచ్చారు. ఆ మూట విప్పడానికి చాలా రోజులు నాకు చేతులు రాలేదు. విప్పిన రోజున చొక్కా జేబులో బండి తాళం దొరికింది; బండిని గొలుసు కట్టి లాక్కొచ్చారు కాబట్టి అన్నాళ్ళూ దాని అవసరమే పడలేదు. చూసి మళ్ళీ ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ ఆగిపోయాను.

తాళం జేబులో ఎందుకుంది? బండి దిగితే తాళం తీసి జేబులో వేసుకోవడం నీ అలవాటు కాబట్టి. రేపల్లెలో ఎవడో బండెక్కి నీ పాటలు మార్చాడని అప్పటి నుంచి మొదలైన అలవాటు. తాళం తీస్తే నీ పాటల సెట్టు కూడా ఆగిపోతుంది. బ్యాటరీ దిగిపోకూడదని నువ్వే దగ్గరుండి వైరింగు అలా చేయించావు. అంటే ఆ రోజు బండిలో పాట లేదు. మరి హారన్ ఎందుకు వినపడలేదు?

ఈ మాట ఎవరిని అడిగినా, పోనీలే సుగుణా, దేవుడు పిలిచాడు, వెళ్ళాడు అన్నారు. ఒళ్ళు మండిపోయింది. దేవుడు పిలిస్తే వినపడి, లారీ పిలిస్తే వినపడలేదా?

తెనాలి వెళ్ళాను. బండ్లకి పాటల సెట్లు బిగించే నీ మస్తాన్ షాపుకే. ఎన్ని ఆదివారాలు ఆ షాపులో కూర్చున్నావు! నేను మన పిల్ల జ్యోతిని తీసుకుని చర్చి నుంచి ఒక్కదాన్నే నడిచి వచ్చేదాన్ని. మొదట కంపెనీ రేడియో గొంతు పీలగా ఉందని తలుపుల్లో స్పీకర్లు పెట్టించావు. తర్వాత సీటు కింద యాంప్లిఫైయరు వచ్చింది, నా క్యారేజీ సంచి పెట్టుకునే చోట. తర్వాత సీటు వెనక ఆ నల్ల బేసు గొట్టం. దాని దుంప తెగ... ఆనుకుని కూర్చుంటే వెన్నుపూస మీద ఎవరో రోకలి వేసినట్టు ఉండేది. ఆ గొట్టం వచ్చాకే నేను నీ బండెక్కడం మానేశాను. నీకది బాగానే కలిసొచ్చింది కదా? పక్కన పెళ్ళాం ఉంటే మాట్లాడుతుంది. మాట్లాడితే బదులు చెప్పాలి.

మస్తాన్ మొదట టీ తెప్పించాడు. నేను టీ ముట్టుకోకుండా తాళం బల్ల మీద పెట్టి, పాట ఆగిపోయే ఉంది నాయనా, మా ఆయనకి హారన్ ఎందుకు వినపడలేదో చెప్పు అన్నాను. అప్పుడు వాడు తల దించుకున్నాడు.

సెట్టు చూపించుకునే వాళ్ళందరూ తల ఒక పక్కకి వాల్చి వింటారమ్మా అన్నాడు. మీ ఆయన మాత్రం సీటు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆఁ ఇప్పుడొచ్చింది అనేవాడమ్మా అన్నాడు. సన్న సౌండు ఎంత పెంచినా రావట్లేదు రావట్లేదు అనేవాడట. ఒకరోజు వెనక నిలబడి టీ తాగుదాం రా అన్నా అని నాలుగుసార్లు పిలిస్తే నువ్వు తిరగలేదట. అప్పుడు తెలిసిందట. ఎవరికీ చెప్పొద్దని నువ్వు వాడి చేతులు పట్టుకున్నావట.

నడి షాపులో అరిచాను బావా. తెలిసి తెలిసి పెట్టె మీద పెట్టె బిగించావా అన్నాను. వినపడని మనిషికి స్పీకర్లు అమ్ముకునే బతుకూ ఒక బతుకేనా అన్నాను. పక్కన సీటు కవర్లు కుట్టేవాళ్ళు పని ఆపి తొంగి చూశారు. మస్తాన్, నేను కాదంటే ఇంకో షాపుకి పోయేవాడమ్మా అని మాత్రం అన్నాడు. అదీ నిజమే. అందుకే నాకు ఇంకా మండింది.

తిరిగి వస్తూ రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. క్వయర్‌లో పాడటం మానేసి డోలక్ ముందు కూర్చున్నావు, గొంతు పోయిందన్నావు. గొంతుకేమైంది నీకు? నాతో పోట్లాడేటప్పుడు బాగానే ఉండేదే! ఫోను చేస్తే ఎత్తవు, సిగ్నల్ లేదంటావు. ఇంట్లో ఉంటే జ్యోతి చేత మాట్లాడించేవాడివి. బండికి అటు రెండు ఇటు రెండు అద్దాలు బిగించావు. పెళ్ళికూతురి ముస్తాబు అని అందరూ నవ్వితే నువ్వూ నవ్వావు. అందం కోసం కాదు, చెవులు చేయాల్సిన పని కళ్ళతో చేయించుకోవడానికి.

అన్నిటికన్నా ఒకటి ఉంది... హేచరీ మేస్త్రి గొంతు నీకు వినపడేది. గేటు దగ్గర వాచ్‌మన్ గొంతు వినపడేది. నా గొంతు వినపడేది కాదు. సన్నటి గొంతులు ముందు పోతాయట, తర్వాత చెవుల డాక్టరమ్మ ఒకామె చెప్పింది. ఇన్నేళ్ళూ నేనేమనుకున్నానో తెలుసా? నన్ను లెక్కచేయట్లేదనుకున్నాను. పెళ్ళాం మాట అంటే చులకన అనుకున్నాను. ఎన్ని రాత్రులు గోడ వైపు తిరిగి పడుకున్నాను? నువ్వు నా వీపు చూసి ఏమనుకునేవాడివి?

నీకేమన్నా చెవుడా అని రోజుకి పదిసార్లు అరిచేదాన్ని. అందరు ఆడవాళ్ళూ మొగుళ్ళని అరిచే మాటే. నువ్వు పళ్ళికిలించి, "నీ గొంతు వింటే చెవుడు రాక ఏమొస్తుందే" అనేవాడివి. ఒక్కసారి... ఒకే ఒక్కసారి అవునే సుగుణా అనడానికి నోరు పెగల్లేదా?

ఎందుకు పెగల్లేదో కూడా నాకు తెలుసు. మీ నాన్న. మామయ్యకి చెవుడని ఊరంతటికీ తెలుసు. చర్చిలో పాట అయిపోయినా ఆయన కళ్ళు మూసుకుని ఒక్కడే పాడుతూ ఉండేవాడట. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టినా ఆపేవాడు కాదట. పిల్లలూ పెద్దలూ కిసుక్కున నవ్వేవాళ్ళట. ఆయన పక్కన చాప మీద నువ్వు కూర్చుని ఉండేవాడివి. పెళ్ళైన కొత్తలో ఒకసారి చెప్పావు నాకు. "మా నాన్నని పలకరించని వాడు లేడు సుగుణా. అందరూ నవ్వడానికే." అంతే, మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. మీ ఇంటిని చెవిటోళ్ళ ఇల్లు అనేవాళ్ళని నాకు అత్త చెప్పింది.

అత్త అంటే గుర్తొచ్చింది. రైలు దిగి నేరుగా ఆమె దగ్గరికే వెళ్ళి అడిగాను. తెలుసే అమ్మాయ్ అంది! బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, తల ఎత్తకుండా! వాడు మనిషి నోటి వంక చూడటం మొదలుపెట్టినప్పుడే తెలిసింది, వాళ్ళ నాన్నా అంతే చూసేవాడు అంది. మరి నాకెందుకు చెప్పలేదు అత్తా అంటే, ఈ ఇంట్లో ఆ మాట అనుకోం అంది. మేనత్తవి కదా, నన్ను ఎత్తుకుని పెంచావు కదా అని చేట లాగి పక్కన పెట్టేశాను. ఆమె ఏడ్చింది. నాకు జాలి వేయలేదు బావా. షాపువాడికి తెలుసు, అమ్మకి తెలుసు. పక్కలో పడుకునే దానికి తెలియదు.

ఇంతలో జాకబ్ గారు వచ్చారు. ఈయనొకడు! పాత పెట్రోమాక్సు లైటులాగా ఎప్పుడూ సూఁ అంటూనే ఉంటాడు. చర్చిలో మైకు సెట్టు పాడైందట. బండిలో స్పీకర్లూ యాంప్లిఫైయరూ ఊరికే ఉన్నాయి కదమ్మా, సంఘానికి ఇచ్చెయ్యి, దానియేలు జ్ఞాపకార్థం అని పెయింటుతో రాయిస్తాం అన్నాడు. నీకు తెలుసుగా మన చర్చి సంగతి. ఫ్యాను రెక్కల మీద జ్ఞాపకార్థం, బెంచీల మీద జ్ఞాపకార్థం, చివరికి కుళాయి దగ్గర సిమెంటు గట్టు మీద కూడా జ్ఞాపకార్థం. చచ్చిపోయినవాళ్ళ పేర్లు చదువుకుంటూ కూర్చుంటే ప్రసంగం అయిపోతుంది.

మొన్నటిదాకా అవి సాతాను పెట్టెలు. ఇప్పుడు సంఘానికి పనికొచ్చాయి! అప్పుడైతే నోరు మూసుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ చెప్పులు వేసుకుంటుంటే, మెట్ల మీద నిలబడి చెప్పాను. ఇస్తానండి జాకబ్ గారు, కానీ నేను చెప్పినట్టు రాయించాలండి అన్నాను. ఏం రాయించమంటావమ్మా అన్నాడు. చెవులు వినపడక, ఆ మాట చెప్పుకుంటే మీరంతా నవ్వుతారని భయపడి, చెప్పుకోలేక చనిపోయిన దానియేలు జ్ఞాపకార్థం... ఇలా రాయించండి, పెద్ద అక్షరాలతో, అన్నాను.

నీ గుట్టు రట్టు చేశాను బావా. చేతనైతే కోప్పడు.

జాకబ్ గారు ఒక చెప్పు వేసుకుని రెండో చెప్పు కోసం వెతుక్కుంటూ నిలబడ్డాడు. మళ్ళీ స్పీకర్ల ఊసు ఎత్తలేదు. మామయ్య పాటకి నవ్విన ఒకామె మాత్రం నా చెయ్యి పట్టుకుని, మేమప్పుడు చిన్నపిల్లలమే అంది. చెయ్యి విడిపించుకుని వచ్చేశాను.

ప్రసాదు వెనకాలే ఇంటికి వచ్చి ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు. చచ్చినవాడి పరువు తీశావు వదినా, మళ్ళీ చెవిటోళ్ళ ఇల్లు అంటారు, రేపు నాకెవడు లోడు ఇస్తాడు అన్నాడు. పరువు కోసం ఒకడు పోయాడు, ఇంకా సరిపోలేదా అని నేనూ అరిచాను. నాకేం కాలేదు, నా చెవులు బాగానే ఉన్నాయి అన్నాడు. తాళం ఇవ్వమన్నాడు. ఇవ్వనన్నాను. వాడి పెళ్ళాం కరుణ మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తోంది. చాలా రోజులు మా గుమ్మం తొక్కలేదు వాడు.

తర్వాత వాడే వచ్చాడు. బండి కడుగుతాను, దుమ్ము కొట్టుకుపోయింది అన్నాడు. తాళం ఇవ్వకపోయినా కడుక్కోవచ్చు కదా అన్నాడు, మూతి ముడుచుకుని. కడుక్కో అన్నాను. పొద్దున ఎండ చక్కగా ఉంది. వాడు బండి వెనక తలుపు దగ్గర ఒంగుని రుద్దుతున్నాడు. కరుణ బక్కెట్టుతో నీళ్ళు అందిస్తోంది. నేను జ్యోతి స్కూటీ తీసి, రోడ్డు మీద నుంచి వాడి వెనక్కి వచ్చి ఆపాను. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. హారన్ నొక్కాను.

వాడు రుద్దుతూనే ఉన్నాడు.

మళ్ళీ నొక్కాను. వదలకుండా నొక్కాను. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. అరుగు మీద కుక్క లేచి పోయింది. వాడు నంబరు ప్లేటు మీద మట్టి గోకుతున్నాడు, తాపీగా, ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ. కరుణ చేతిలో బక్కెట్టు కింద పెట్టేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుస్తున్న మొహం చూసి వాడు వెనక్కి తిరిగాడు. నా బొటనవేలు ఇంకా హారన్ మీదే ఉంది. వాడు నా వేలు చూశాడు. తర్వాత చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు.

తడి బట్టలతోనే బండి వెనక చెక్క మీద కూలబడ్డాడు. నువ్వూ అలాగే నిలబడి ఉంటావు కదా, తాడు బిగిస్తూ... అచ్చం అలాగే. వీపు కూడా నీదే. నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. నిన్ను కొట్టాల్సిన దెబ్బలు.

నీతో ఈ పని ఎప్పుడో చేయాల్సింది అంటావా? నువ్వు నాకు సందు ఇస్తే కదా! నేను పిలిచేలోపే నువ్వే పాట పెట్టేవాడివి.

తెనాలిలో చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, బీప్ అని వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నీ తమ్ముడు ఏం చేశాడో తెలుసా? వినపడకపోయినా నొక్కేస్తున్నాడు! పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసినట్టు, బీప్ వేసే అమ్మాయి మొహం చూసి అందాజుగా నొక్కేస్తున్నాడు. ఆ అమ్మాయి వాడి కుర్చీ గోడ వైపు తిప్పించింది. అప్పుడు నొక్కడం ఆగిపోయింది. బయట నుంచి చూస్తూ నాకు నవ్వొచ్చింది, నవ్వుతోనే కడుపు మండింది. నువ్వైనా ఇదే చేసేవాడివి. అన్నదమ్ములిద్దరూ దొంగలే.

నరం దెబ్బతింది, తిరిగి రాదు, కానీ చెవులకి మిషన్లు పెడితే బాగా వినపడుతుంది అంది డాక్టరమ్మ. చక్కగా బండి నడుపుకోవచ్చంది. వంశంలో ఉంటుందంది. జ్యోతికి కూడా చూపించాను. దానికేమీ లేదు, దేవుడికి స్తోత్రం. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది డాక్టరమ్మ. ప్రసాదు నా వంక చూశాడు.

ఉండేదండి, అన్నాను.

ఆ చిన్న మిషను చూశావా బావా? చిక్కుడు గింజంత ఉంది. చెవి వెనక కూర్చుంటుంది. నువ్వేమో సీటు కింద ఒకటి, సీటు వెనక ఒకటి, తలుపుకి ఒకటి... బండినంతా చెవి చేసుకుని తిరిగావు. చిక్కుడు గింజంత దాన్ని పెట్టుకోవడానికి సిగ్గుపడ్డావు. ఈ సిగ్గు ఎవరి దగ్గర బావా? నా దగ్గరా?

ప్రసాదు కూడా మొదట్లో జుట్టు పెంచుతానన్నాడు, తువ్వాలు చుట్టుకుంటానన్నాడు. చుట్టుకో గాడిదా, చుట్టుకో, కానీ లోపల మిషను ఉండాలి అన్నాను. తాళం చూపించి చెప్పాను. చెవిలో అది ఉంటేనే చేతిలో ఇది. అలవాటు కావడానికి నానా తంటాలు పడ్డాడు. గిన్నెల చప్పుడుకి ఉలిక్కిపడేవాడు. కరుణ గాజులు ఇంత మోత మోగుతాయా అన్నాడట. ఆ పిచ్చిది అవి తీసేసి బీరువాలో పెట్టింది. నేను తిట్టి మళ్ళీ వేయించాను.

మొన్న మొదటి లోడు. సూర్యలంక నుంచి రేపల్లెకి, అదే రొయ్య పిల్లల సంచులు. నేను పక్క సీట్లో ఎక్కాను. ఏం, నా మీద నమ్మకం లేదా వదినా అన్నాడు. లేదు అన్నాను. వాడు తాళం తిప్పాడు. తిప్పగానే నీ పాట విరుచుకుపడింది. నువ్వు పెట్టిన చోటే ఉంది సౌండు, ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు. వాడు చెవులు రెండూ మూసుకుని, అమ్మో, ఇంత సౌండేంటి వదినా! అన్నాడు. చాలట్లేదన్నవాడు వీడే! తగ్గించేశాడు. సన్నగా వినపడుతోంది పాట. ఆ పాటలో వెనకాల పిల్లనగ్రోవి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళు విన్నాను నీ బండిలో ఆ పాట. నీ బేసు మోతలో అది ఏనాడైనా వినపడిందా?

కర్లపాలెం దాటాం. నువ్వు పోయిన చోటు వచ్చింది. నేను కళ్ళు మూసుకోలేదు. కావాలనే చూశాను. ప్రసాదు నెమ్మదిగా పోనిచ్చాడు.

రేపల్లె ఇంకా కొంత దూరం ఉందనగా పక్క రోడ్డుకి తిరగడానికి సిగ్నల్ లైటు వేశాడు. వేసి, వెంటనే పాట కట్టేశాడు. తల వాల్చి వింటున్నాడు. వదినా, ఏదో టిక్కుటిక్కుమంటోంది, వైరింగ్ ఎక్కడో తెగినట్టుంది, బండి ఎన్నాళ్ళో పక్కన పడుంది కదా అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఏ చప్పుడు అన్నాను. అదిగో, టిక్కు... టిక్కు... అని వేలితో దరువు వేశాడు.

సిగ్నల్ లైటు చప్పుడు బావా. ఏ బండిలోనైనా ఉండే చప్పుడు. ఎన్నేళ్ళుగా డ్రైవరుగా బతుకుతున్నాడు, వాడికది కొత్త! నువ్వు ఎన్నాళ్ళ నుంచి వినలేదో... నేను చెప్పేలోపే వాడు బండి పక్కకి ఆపి దిగిపోయాడు. రోడ్డు వైపు వెళ్ళి, ముందు లైటు దగ్గర ఒంగుని, వెనక్కొచ్చి, వెనక లైటు దగ్గర ఒంగున్నాడు. అద్దంలో వాడి వీపు కనపడుతోంది.

అప్పుడు వెనక నుంచి లారీ హారన్ వేసింది.

ప్రసాదూ అని నేనింకా అరవనేలేదు. వాడు తల తిప్పి చూశాడు. చూసి, బండికి ఆనుకుని పక్కకి జరిగాడు. లారీ వెళ్ళిపోయింది. వాడు చేతులు దులుపుకుని కిటికీ దగ్గరికి వచ్చి, లైట్లు బాగానే ఉన్నాయి వదినా అన్నాడు. నా మొహం చూసి, ఏంటి వదినా, ఏమైంది అని అడిగాడు. వాడికి తెలియనే తెలియదు ఏం జరిగిందో.

ఒక్క అడుగు బావా. అంతే. పక్కకి ఒక్క అడుగు.

దాని కోసమా నన్ను ఇన్నేళ్ళు మోసం చేశావు? దాని కోసమా నా పిల్లకి తండ్రి లేకుండా చేశావు? ఆ ఒక్క అడుగు నేను వేయించేదాన్ని కాదా? నీ చెయ్యి పట్టుకుని లాగేదాన్ని కాదా?

బండి తాళం ప్రసాదుకే ఇచ్చేశాను. పాటల సెట్టు కూడా వాడికే, ఉంచుకుంటాడో తీసేస్తాడో వాడిష్టం. నీ మీద కోపం మాత్రం ఎవరికీ ఇవ్వను. సమాధుల తోటలో అందరూ మెల్లగా మాట్లాడాలంటారు. నేను వచ్చినప్పుడు అరిచే మాట్లాడతాను.

నీ మేనమామ కూతురు,
సుగుణ